కొత్తగా బిగించిన డీవీడీ రైటర్ కనిపించకపోతే విండోస్ మళ్లీ ఎక్కించాలా?

"సాటా డీవీడీ రైటర్ కొత్తగా బిగించాను, మై కంప్యూటర్‌లో కనిపించడం లేదు, విండోస్ మళ్లీ ఎక్కించాలా?" అని అడిగారు. వద్దండీ బాబూ. ముందు కరెంటు తీసేసి పక్క మూత విప్పండి. నూటికి తొంభై సార్లు తప్పు కేబుల్ దగ్గరే ఉంటుంది.

2006లో అక్క పెళ్లి వీడియో కాపీలు బంధువులకి పంచుదామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లి రైటర్ కొనుక్కొచ్చాను. అప్పటివి ఐడీఈ డ్రైవులు, అంటే సాటాకి ముందు రకం, మూడు వేళ్ల వెడల్పు రిబ్బన్ కేబుల్. హార్డ్ డిస్క్ కేబుల్‌కే మధ్యలో ఇంకో కనెక్టర్ ఖాళీగా ఉంటే రైటర్‌ని దానికి తగిలించేశాను. ఆన్ చేస్తే రైటర్ సంగతి దేవుడెరుగు, హార్డ్ డిస్కే మాయం! పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. నాకు ఒకటే చెమటలు.

కొన్న షాపుకి ఫోన్ చేస్తే, "డిస్క్ పోయినట్టుంది సార్, పట్టుకురండి, ఫార్మాట్ కొట్టి చూద్దాం" అన్నాడు. కనిపించని డిస్కుని ఎలా ఫార్మాట్ కొడతాడో! ఇప్పటికీ చాలా రిపేరు షాపుల్లో అన్ని రోగాలకీ అదే మందు. లోపలున్నదంతా పోతుందని మాటవరసకైనా చెప్పరు.

ఒకే కేబుల్ మీద రెండు డ్రైవులుంటే ఒకటి మాస్టర్ (మొదటిది), ఇంకోటి స్లేవ్ (రెండోది) అయి ఉండాలి. తీరా చూస్తే నావి రెండూ మాస్టర్‌లే. రైటర్ వెనక జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) పీకి స్లేవ్‌కి మార్చాలి. పీకాను, చేతిలోంచి జారింది. మినపగింజంత ముక్క, మా ఇంట్లో మొజాయిక్ గచ్చు. గంటసేపు నేల మీద పాకాను. సాయంత్రం అమ్మ ఊడుస్తూ, "అక్క నల్లపూసలు తెగాయేమో చూడరా, ఇక్కడొకటి పడుంది" అంది. అదే జంపర్! పెట్టి ఆన్ చేస్తే రెండూ వచ్చేశాయి.

మీది సాటా, ఒక్కో డ్రైవుకి విడిగా ఒక సన్న కేబుల్, కాబట్టి ఈ మాస్టర్, స్లేవ్ గోల లేదు. ఆన్ చేయగానే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెళ్లి రైటర్ పేరుందేమో చూడండి. అక్కడ పేరు లేకపోతే విండోస్‌ని ఎంత కెలికినా దండగ. ట్రే బటన్ నొక్కితే తెరుచుకుంటోందా? లేదంటే కరెంటు కేబుల్ చూడండి. తెరుచుకుంటుంటే డేటా కేబుల్ మార్చండి, ఇంకో పోర్టుకి పెట్టండి. ఎం.2 ఎస్ఎస్‌డీ (మదర్‌బోర్డు మీదే నేరుగా గుచ్చే చిన్న డిస్కు) ఉంటే కొన్ని బోర్డుల్లో ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోతాయి, మాన్యువల్లో రాసి ఉంటుంది.

బయోస్‌లో ఉండి విండోస్‌లో లేకపోతే, డివైస్ మేనేజర్‌లో (విండోస్‌లో పరికరాల జాబితా) రైటర్ పక్కన పసుపు గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది చాలాసార్లు పాత బర్నింగ్ సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగులు దాచుకునే చోటు) వదిలిన అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే ఎంట్రీల పని. దానికీ ఫార్మాట్ అక్కర్లేదు.

ముందు బయోస్‌లో పేరు వచ్చిందో లేదో చూసి ఇక్కడ రాయండి, ఆ తర్వాత రిజిస్ట్రీ సంగతి చెబుతాను.