వలస మహిళల హక్కుల ప్రోగ్రాం మేనేజర్ కావాలంటే ముందు ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చోండి

ప్రశ్న: సోషల్ వర్క్‌లో పీజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. పరాయి దేశాలకు పనికి వెళ్లే మహిళల హక్కులను కాపాడే ప్రోగ్రాంలు నడిపే ఉద్యోగం చేయాలని ఉంది. ఆ ఉద్యోగంలో నిజంగా ఏం చేస్తారు? పీజీ అయ్యాక ఎంబీఏ చేయనా, లా చేయనా? ఐక్యరాజ్య సమితి సంస్థల్లో చేరడానికి దారి ఏమిటి?

జవాబు: ఎంబీఏనా, లానా అన్న ప్రశ్నను రెండేళ్లు పక్కన పెట్టండి. ముందు వలస కార్మికుల సహాయ కేంద్రంలోనో, షెల్టర్‌లోనో, హెల్ప్‌లైన్‌లోనో కేస్ వర్కర్‌గా, అంటే ఒక్కో మనిషి ఫిర్యాదును దగ్గరుండి నడిపేవారిగా చేరండి. ఈ రంగంలో చాలా ప్రోగ్రాంలు దెబ్బతినేది డబ్బు చాలక కాదు. ఫిర్యాదు చేసే మనిషి పరిస్థితి ఎరగనివాళ్లు వాటిని తయారుచేయడం వల్ల.

మేనేజర్ పని గురించి ముందు చెబుతాను. డోనర్ ఇచ్చిన డబ్బుతో, ఒప్పుకున్న గడువులో, ఒప్పుకున్న ఫలితాలు చూపించాలి. ఆ పని చాలావరకు భాగస్వామ్య సంస్థల ద్వారా జరుగుతుంది: ఒక కార్మిక సంఘం, ఒక న్యాయ సహాయ సంస్థ, ఒక షెల్టర్, కొన్నిచోట్ల ప్రభుత్వ కార్మిక శాఖ. అందుకే రోజులు ఎక్కువగా బడ్జెట్ పట్టికలకు, ఒప్పందాలకు, నివేదికలకు, అధికారులతో సమావేశాలకు పోతాయి. ఎప్పుడూ మహిళల మధ్యే ఉంటామనుకుని వచ్చినవాళ్లకు ఇది నిరాశగా ఉంటుంది. అయితే ఆ పట్టికలో దుభాషి ఖర్చు అన్న వరుస రాయడం మరిచిపోతే, ఆరు నెలల తర్వాత షెల్టర్‌లో ఒకామె తనకు ఏం జరిగిందో చెప్పుకోలేక కూర్చుంటుంది. ఆ వరుసకూ ఆ మనిషికీ ఉన్న సంబంధం కేసులు చూసినవాళ్లకే తెలుస్తుంది.

ఇంటిపనికి వెళ్లిన ఒకామె సహాయ కేంద్రానికి మిస్డ్ కాల్ ఇచ్చిందనుకోండి. తిరిగి చేసినప్పుడు సంస్థ పేరు చెప్పకూడదు. ఆ ఫోన్ ఇప్పుడు యజమానురాలి చేతిలో ఉండొచ్చు. ఆ కార్మికురాలే ఎత్తిందని తేలాక ‘ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా?’ అంటూ అవును, కాదు అని తేల్చగలిగే ప్రశ్నలతోనే మొదలుపెట్టాలి. మళ్లీ ఎప్పుడు చేయాలో, వేరేవాళ్లు ఎత్తితే ఎవరమని చెప్పాలో ఆమెనే అడగాలి. మెసేజ్ పెట్టొచ్చో లేదో కూడా ఆమే చెప్పాలి.

ప్రశ్నల వరుస కూడా ముఖ్యమే. ఒంటికి ప్రమాదం ఉందా, తిండి, నిద్ర ఉన్నాయా, బయటి నుంచి తాళం వేస్తున్నారా అన్నవి ముందు. పాస్‌పోర్ట్ ఎవరి దగ్గరుంది, కాంట్రాక్టు కాపీ ఉందా, ఏ నెల దాకా జీతం అందింది అన్నవి ఆ తర్వాత. ‘వెంటనే బయటికి వచ్చేయండి’ అని చెప్పడం కొత్త కేస్ వర్కర్లు చేసే పెద్ద పొరపాటు. కఫాలా లాంటి స్పాన్సర్‌షిప్ పద్ధతి ఉన్నచోట నివాస అనుమతి యజమానితో ముడిపడి ఉంటుంది. ఇల్లు వదిలిందని తెలిస్తే ఆమె మీదే ‘పారిపోయింది’ అన్న ఫిర్యాదు పడొచ్చు. ఉంటే ఏమవుతుందో, వస్తే ఏమవుతుందో, వస్తే ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుందో వివరించి నిర్ణయం ఆమెకే వదలాలి.

ఇక జీతం లెక్క. 24 నెలల కాంట్రాక్టులో 14 నెలలు జీతం అందింది, 10 నెలలది రావాలి అంటుంది. కాంట్రాక్టు కాపీ లేదు. అప్పుడు ఆమె ఇంటికి పంపిన డబ్బు రసీదులు తెప్పించాలి. పంపడం ఏ నెలలో ఆగిందో వాటిలో కనిపిస్తుంది. అది ఒక్కటే సాక్ష్యం కాదు గానీ ఆమె మాటకు బలం ఇస్తుంది. ఫోన్‌లో ఉన్న వాయిస్ మెసేజ్‌లు, ఏజెంటుకు కట్టిన డబ్బు కాగితం, ఆమె గుర్తుంచుకున్న తేదీలు అన్నీ ఒక వరుసలో పేర్చాలి. ‘నాకు రావాల్సిందంతా అందింది’ అన్న కాగితం మీద సంతకం పెడితేనే ఇంటికి వెళ్లే టికెట్ ఇస్తామని యజమానులు అంటారు. ఆ సంతకం పడ్డాక కేసు బాగా బలహీనపడుతుంది. అలాగే, అక్కడి చట్టం ఒప్పుకునే చోట, ఆమె సొంత దేశానికి బయల్దేరక ముందే లాయరుకో కార్మిక సంఘానికో పవర్ ఆఫ్ అటార్నీ రాయించాలి. విమానం ఎక్కాక అదే కాగితానికి నోటరీ, రాయబార కార్యాలయం ధృవీకరణ అంటూ నెలలు పడతాయి. ఈలోగా ఫిర్యాదు గడువు దాటిపోతుంది.

ఈ ఒక్క కేసు చాలు, ప్రోగ్రాం ఎలా గీయాలో చెప్పడానికి. 24 నెలల ప్రాజెక్టు తీసుకోండి. సిబ్బందిని తీసుకోవడానికి, అనుమతులకు మొదటి నాలుగు నెలలు పోతాయి. చివరి మూడు నెలలు లెక్కలు మూసివేయడానికి పోతాయి. అసలు పనికి మిగిలేవి 17 నెలలు. జీతం కేసు తేలడానికి ఏడాది పట్టే చోట తొమ్మిదో నెల తర్వాత వచ్చిన కేసేదీ మీ గడువులో తేలదు. కాబట్టి మొదటి నెలలోనే అక్కడ శాశ్వతంగా ఉండే కార్మిక సంఘంతోనో న్యాయ సహాయ సంస్థతోనో, ప్రాజెక్టు ముగిశాక మిగిలిన కేసులు వాళ్లు నడిపేలా రాతపూర్వక ఒప్పందం ఉండాలి. దానికి బడ్జెట్‌లో డబ్బూ ఉండాలి. ఇది లేని ప్రతిపాదన ఎంత అందంగా రాసినా నేనైతే వెనక్కి పంపమంటాను. మధ్యలో వదిలేసిన కేసులో నష్టపోయేది ఆమె ఒక్కతే.

ఫలితాల పట్టిక, అంటే లాగ్‌ఫ్రేమ్ కూడా ఇలాగే. ‘500 మంది మహిళలకు అవగాహన’ అన్న ఇండికేటర్ రాయడం సులువు, చేరుకోవడం ఇంకా సులువు. దాని వల్ల ఎవరి జీతమూ రాదు. ఫిర్యాదు చేసినవాళ్లలో ఎందరికి బకాయి చేతికి అందింది, అడిగినదాంట్లో ఎంత భాగం వచ్చింది, ఎన్ని రోజులకు వచ్చింది అని లెక్కపెట్టాలి. ఒక జాగ్రత్త: మంచి ప్రోగ్రాం మొదలైన చోట మొదటి ఏడాది ఫిర్యాదులు పెరుగుతాయి. అది వేధింపులు పెరగడం కాదు, చెప్పుకునే చోటు దొరకడం. ఈ మాట ప్రాజెక్టు మొదట్లో ఉన్న పరిస్థితిని నమోదుచేసే బేస్‌లైన్ నివేదికలోనే రాసిపెట్టకపోతే ఏడాది చివర డోనర్‌కు సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

మంచి ఉద్దేశంతో మొదలై ఎదురు తిరిగే పనుల్లో మొదటిది నిషేధం. 2012లో నేపాల్ ప్రభుత్వం 30 ఏళ్లలోపు మహిళలు గల్ఫ్ దేశాల్లో ఇంటిపనికి వెళ్లకుండా ఆపింది. వెళ్లడం ఆగలేదు. సరైన కాగితాలు లేకుండా, పొరుగు దేశం మీదుగా, ఏజెంట్ల మీద మరింత ఆధారపడి వెళ్లారు. తర్వాత కష్టం వస్తే సొంత ప్రభుత్వం దగ్గర నమోదు కూడా ఉండదు. ప్రభుత్వంతో కలిసి పనిచేసే మేనేజర్ ఇలాంటి ప్రతిపాదన వచ్చినప్పుడు ఈ పర్యవసానాన్ని బల్ల మీద పెట్టగలగాలి.

రెండోది, భారమంతా మహిళ మీదే వేసే అవగాహన సదస్సులు. ‘ఏజెంటుకు డబ్బు కట్టకండి’ అని చెబుతాం. ఏజెంటు తప్ప ఉద్యోగం ఇప్పించే దారే లేనప్పుడు ఆ సలహా ఆమెకు దేనికి? అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) 181వ కన్వెన్షన్, అంటే అంతర్జాతీయ ఒప్పందం (1997), ప్రైవేటు ఏజెన్సీలు కార్మికుల నుంచి రుసుం తీసుకోకూడదన్నదే సాధారణ నియమం అంటుంది, కొద్ది మినహాయింపులతో. రుసుం అంటే ఏమేమి వస్తాయో ఐఎల్‌ఓ 2019లో నిర్వచనం ఇచ్చింది. ఆ ఖర్చు యజమాని భరించేలా రిక్రూటర్లతో, లైసెన్సులిచ్చే అధికారులతో పనిచేయాలి. సదస్సుల కన్నా ఇది కష్టం, ఫలితం మాత్రం ఇక్కడే ఉంది.

షెల్టర్ల గురించి గట్టిగా చెప్పాలి. భద్రత పేరుతో ఫోన్లు తీసుకోవడం, గేటుకు తాళం వేయడం, కేసు పెడితేనే చోటు ఇస్తామనడం చాలాచోట్ల ఉంది. యజమాని ఇంట్లో అనుభవించింది మళ్లీ ఇక్కడ అనుభవిస్తే ఆమె మనల్ని ఎందుకు నమ్మాలి? భాగస్వామ్య సంస్థను చూడటానికి వెళ్లినప్పుడు రిజిస్టర్ల కన్నా ముందు చూడాల్సింది గేటు తాళం లోపలివాళ్లు తీయగలరా అన్నదే.

దుభాషి విషయంలోనూ తరచూ పొరపాటు జరుగుతుంది. సొంత భాష మాట్లాడేవాళ్లు దొరికారని అదే ఊరివాళ్లను పెడితే మాట ఇంటిదాకా చేరుతుంది. లేదా ఆ మనిషి ఏజెంటు బంధువై ఉంటాడు. వేరే నగరం నుంచి ఫోన్‌లో మాట్లాడే మహిళా దుభాషిని పెట్టి, ఆమె పేరు ముందే చెప్పి, సరేనా అని అడగడం మేలు. పని వేళలదీ ఇదే కథ. ఇంటిపని చేసేవాళ్లకు సెలవు దొరికితే వారానికి ఒక్క రోజు. ఆఫీసు సెలవూ ఆ రోజే అయితే సహాయ కేంద్రం ఎవరి కోసం తెరిచినట్టు?

చట్టం చదవాలి, లా డిగ్రీ లేకపోయినా. ఐఎల్‌ఓ 189వ కన్వెన్షన్‌ను (2011) పూర్తిగా చదవండి, చిన్నదే. 8వ అధికరణ సరిహద్దు దాటక ముందే రాతపూర్వక ఉద్యోగ ప్రతిపాదనో కాంట్రాక్టో ఉండాలంటుంది, 9వది పాస్‌పోర్ట్ కార్మికురాలి దగ్గరే ఉండాలంటుంది, 10వది వారానికి వరుసగా కనీసం 24 గంటల విశ్రాంతి ఇవ్వాలంటుంది. పని ప్రదేశంలో హింస, వేధింపుల మీద 190వ కన్వెన్షన్ (2019), మహిళల మీద వివక్షను తొలగించే ఐక్యరాజ్య సమితి ఒడంబడిక అమలును చూసే సీడా కమిటీ వలస మహిళా కార్మికుల మీద ఇచ్చిన 26వ సాధారణ సిఫార్సు (2008) తర్వాతివి. వలస కార్మికుల మీద ఐక్యరాజ్య సమితి ఒడంబడిక 1990 డిసెంబర్ 18న ఆమోదం పొంది 2003లో అమల్లోకి వచ్చింది. కానీ ఎక్కువమంది వలస వెళ్లే ప్రధాన దేశాలు దాన్ని ఆమోదించలేదు. ఏ దేశం దేన్ని ఆమోదించిందో చూసుకోకుండా లేఖలు రాస్తే అధికారి మొదటి వాక్యం దగ్గరే ఆపేస్తాడు. ఆమోదించని చోట ఆ దేశం సొంత కార్మిక చట్టంలోని సెక్షన్‌తో మాట్లాడాలి.

ఇప్పుడు మీ దారి. మీ పీజీ ఈ రంగానికి సరిపోతుంది. రెండేళ్ల కేస్ వర్క్ చేస్తూనే మూడు పనులు నేర్చుకోండి: స్ప్రెడ్‌షీట్‌లో బడ్జెట్ వేసి నెలనెలా ఖర్చుతో పోల్చడం, లాగ్‌ఫ్రేమ్ రాయడం, రెండు పేజీల్లో తేటగా నివేదిక ఇవ్వడం. ఐక్యరాజ్య సమితి మహిళా సంస్థ యూఎన్ విమెన్ శిక్షణ కేంద్రం ఆన్‌లైన్‌లో ఉచిత కోర్సులు ఇస్తోంది. ఇటలీలోని ట్యూరిన్‌లో ఐఎల్‌ఓ శిక్షణ కేంద్రం ఉంది, దాని కోర్సులకు ఖర్చు ఎక్కువ గనుక సంస్థ పంపితే వెళ్లండి. వలస మహిళలు మాట్లాడే ఇంకో భాష నేర్చుకోండి, అది సర్టిఫికెట్ల కన్నా ఎక్కువ పనికొస్తుంది. ట్రిబ్యునల్‌లో వాదించాలన్న కోరిక రెండేళ్ల తర్వాతా ఉంటే అప్పుడు లా చేయండి. ఎంబీఏ మాత్రం ఈ పనికి పెద్దగా కలిసిరాదు.

ఐక్యరాజ్య సమితి వ్యవస్థలో యూఎన్ విమెన్, అంతర్జాతీయ వలస సంస్థ (ఐఓఎం), ఐఎల్‌ఓ ఈ పని చేస్తాయి. 18 నుంచి 26 ఏళ్లవాళ్లకు యూఎన్ వాలంటీర్స్‌లో యువ విభాగం ఉంది, మీరు ముందు చూడాల్సింది అదే. ప్రొఫెషనల్ శ్రేణి తొలి మెట్లలో ఒకటైన పీ-2 ఉద్యోగాలకు సాధారణంగా పీజీతో పాటు రెండేళ్ల అనుభవం, దాని పై మెట్టు పీ-3కి అయిదేళ్లు అడుగుతారు. చాలా కాంట్రాక్టులు ప్రాజెక్టుతోనే ముగుస్తాయి. మధ్యలో ఖాళీ నెలలు ఉంటాయని ఇంట్లో ముందే చెప్పండి. దరఖాస్తుకు గానీ ఇంటర్వ్యూకు గానీ ఈ సంస్థలు ఎవరి దగ్గరా డబ్బు తీసుకోవు. అడిగితే అది మోసం. ఇవి కాక అంతర్జాతీయ గృహ కార్మికుల సమాఖ్య, మహిళల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా బ్యాంకాక్ నుంచి పనిచేసే కూటమి జీఏఏటీడబ్ల్యూ, మనీలా ప్రాంతం నుంచి పనిచేసే మైగ్రెంట్ ఫోరం ఇన్ ఏషియా ఉన్నాయి. వాటి సభ్య సంస్థల్లో మొదటి ఉద్యోగం దొరకడం తేలిక, నేర్చుకునేదీ ఎక్కువ.

ఉద్యోగంలో చేరే ముందు మీరు అడగాల్సినవీ ఉన్నాయి. ఒక కేస్ వర్కర్ దగ్గర ఒకేసారి ఎన్ని కేసులుంటాయి? రాత్రి కాల్స్ ఎవరు ఎత్తుతారు? వారానికోసారి సీనియర్‌తో కూర్చుని కేసులు మాట్లాడుకునే ఏర్పాటు ఉందా? రోజూ హింస గురించి వినే మనిషికి ఆ ఏర్పాటు లేకపోతే ఏడాదిలోనే నిద్ర కరువవుతుంది, ఓపిక పోతుంది. అదే మీరు మేనేజరయ్యాక మీ సిబ్బందికి సమకూర్చాల్సింది కూడా.

ఇంటర్వ్యూల్లో అడగదగిన ప్రశ్న ఒకటుంది, సిద్ధంగా ఉండండి: ‘లబ్ధిదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఫొటోలు పంపమని డోనర్ అడిగాడు. ఏం చేస్తారు?’ పేర్ల జాబితా, కేసుల ఫైళ్లు వేర్వేరు చోట్ల ఉంటాయని, రెండింటినీ కలిపే నంబర్ల పట్టిక ఇద్దరి దగ్గరే ఉంటుందని చెప్పండి. ఆడిట్‌కు కావాలంటే ఆడిటర్ మన ఆఫీసుకే వచ్చి, పేర్లు కప్పిన కాగితాలు చూడొచ్చని, ఈ షరతు గ్రాంట్ ఒప్పందంలోనే రాయించుకుంటామని చెప్పండి. ఫొటోకు ఆమె సరే అన్నా, అనుమతి పత్రం ఆమె భాషలో చదివి వినిపించి, రెండు రోజులు గడువిచ్చి మళ్లీ అడుగుతామని, వద్దంటే సహాయం ఏమాత్రం తగ్గదని ముందే చెబుతామని కూడా చేర్చండి.