పెన్షన్ తీసుకుంటూ మళ్ళీ ఎన్‌హెచ్‌ఎస్ ఉద్యోగం చేయవచ్చా?

ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఉద్యోగానికి కొత్తగా వచ్చిన మన నర్సులు నన్ను తరచుగా అడుగుతుంటారు: "అక్కా, రిటైరైన సీనియర్లు మళ్ళీ వార్డులో కనిపిస్తున్నారు, పెన్షన్, జీతం రెండూ తీసుకోవచ్చా?" తీసుకోవచ్చు. అయితే టీ గదిలో వినిపించే నిబంధనల్లో చాలావరకు 2023లోనే మారిపోయాయి.

అంతకుముందు 1995 సెక్షన్ (ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ పథకంలోని పాత విభాగం) పెన్షన్ తీసుకున్నవారు తిరిగి పథకంలో చేరేందుకు వీలుండేది కాదు; పనిలోకి తిరిగివచ్చిన మొదటి నెలలో వారానికి 16 గంటలు దాటకూడదన్న షరతు కూడా ఉండేది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ రెండూ తొలగిపోయాయి. ఇప్పుడు తిరిగివచ్చినవారు ప్రస్తుత ఎన్‌హెచ్‌ఎస్ పెన్షన్ పథకమైన 2015 పథకంలో చేరితే, ఏటా 36,000 పౌండ్ల జీతం మీద అందులో 54వ వంతు, అంటే సుమారు 667 పౌండ్ల వార్షిక పెన్షన్ అదనంగా జమవుతుంది.

మార్గాలు రెండున్నాయి. మొదటిది రాజీనామా చేసి, కనీసం 24 గంటల విరామం తర్వాత కొత్త ఒప్పందంతో చేరడం. ఆ ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం యాజమాన్యానికి లేదు. రెండవది పాక్షిక పదవీ విరమణ. 2023 అక్టోబరు 1 నుంచి 1995 సెక్షన్ వారికీ ఇది అందుబాటులోకి వచ్చింది. ఇందులో ఉద్యోగం వదలనక్కర్లేదు, పెన్షన్‌లో 20 నుంచి 100 శాతం వరకు తీసుకోవచ్చు, కాని పెన్షన్‌కు లెక్కించే జీతం కనీసం పది శాతం తగ్గి పన్నెండు నెలలపాటు అలాగే ఉండాలి. గంటలు తగ్గించుకొని ఈ దారిన వెళ్ళేవారు అదనపు షిఫ్టులు ఒప్పుకొనేముందు పేరోల్ వారిని తప్పక అడగాలి, ఎందుకంటే పూర్తికాలపు గంటలు నిండేవరకు చేసే అదనపు పని కూడా ఆ జీతంలోనే కలుస్తుంది. నా దృష్టిలో మనవాళ్ళలో ఎక్కువమందికి ఈ రెండవ దారే క్షేమం.

నేను మొదటి దారిలో వెళ్ళాను. తిరిగి చేరాక వచ్చిన తొలి పేస్లిప్‌లో ట్యాక్స్ కోడ్ "బీఆర్" అని ఉండటం చూసి కంగారుపడ్డాను. పన్ను లేని 12,570 పౌండ్ల మినహాయింపు అప్పటికే పెన్షన్‌కు వాడేశారు కాబట్టి, జీతంలో మొదటి పౌండు నుంచే 20 శాతం కోత పడిందని తర్వాత తెలిసింది. జీతం, పెన్షన్ కలిపి 50,270 దాటితే ఆ పైమొత్తానికి 40 శాతం రేటు వర్తిస్తుంది. ఎన్ని గంటలు చేయాలో ఈ లెక్క చూసుకొనే నిర్ణయించుకోండి.

రాజీనామా దారిని ఎంచుకొనేవారు తిరిగి చేరే తేదీ, గంటలు, బ్యాండు (జీతం శ్రేణి) కాగితం మీద చేతికి వచ్చేవరకు రాజీనామా పత్రం ఇవ్వకండి. పెన్షన్ దరఖాస్తు ఏడబ్ల్యూ8ను మాత్రం కనీసం మూడు నెలల ముందే పంపేలా చూసుకోండి.