పగడాల అక్వేరియానికి తెల్ల దీపమా, నీలి దీపమా?

న్యూజెర్సీలో ఉంటున్నామని, మూడు నెలల కిందట 60 గ్యాలన్ల ఉప్పునీటి అక్వేరియం మొదలుపెట్టామని, అందులో పగడాల రకాలైన కొన్ని జోయాంథిడ్లు, ఒక హామర్ కోరల్, ఒక చిన్న మోంటిపోరా ముక్క ఉన్నాయని మీరు రాశారు. ‘ఫుల్ స్పెక్ట్రమ్’ పేరుతో అమ్మే తెల్లటి ఎల్‌ఈడీ దీపం కొనాలా, ‘20,000 కెల్విన్’ అని రాసి ఉన్న నీలి దీపం కొనాలా, ఎరుపు కాంతి అందకపోతే పగడాలకు నష్టమా అన్నవి మీ సందేహాలు. నేను డల్లాస్ శివార్లలో ఎనిమిదేళ్లుగా 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు, అంటే పగడాల అక్వేరియం, నడుపుతున్నాను. దీపం విషయంలో నేను రెండు తప్పులు చేశాను. మొదటిదాన్ని దిద్దుకోబోయి రెండోది చేశాను.

సూటిగా చెప్పాలంటే, 400 నుంచి 480 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల మధ్య, అంటే ఊదా నుంచి నీలం వరకు, ఎక్కువ బలం ఉన్న నీలి ప్రధానమైన దీపాన్నే తీసుకోండి. తెలుపు మన కళ్ల కోసం కొద్దిగా ఉంటే చాలు. ఎరుపు కోసం అదనంగా ఒక్క డాలరు కూడా ఖర్చు పెట్టకండి. అయితే ఆ దీపాన్ని ఎంత వెలుగులో ఉంచాలో మాత్రం కంటితో చూసి నిర్ణయించకండి. నా పగడాలు దెబ్బతిన్నది అక్కడే.

ఉప్పునీటికి రాకముందు నాకు నాలుగేళ్లపాటు మంచినీటి మొక్కల ట్యాంకు ఉండేది. ఆ మొక్కలు 6,500 కెల్విన్ తెల్ల దీపం కింద, దానికి తోడు కొన్ని ఎరుపు ఎల్‌ఈడీలతో ఏపుగా పెరిగేవి. పగడాల్లో జరిగేదీ కిరణజన్య సంయోగక్రియే కదా, ఆ లెక్కే ఇక్కడా సరిపోతుందనుకుని, సూర్యకాంతికి సాటి అని దుకాణంవారు చెప్పిన దీపం తెచ్చి, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ చానళ్లన్నిటినీ (ఒక్కో రంగును విడిగా పెంచే, తగ్గించే ఏర్పాట్లు) పూర్తిగా తెరిచి పెట్టాను. రెండు నెలలు తిరిగేసరికి రాళ్ల మీద జుట్టులాంటి నాచు మొలిచింది, గాజును రెండు రోజులకోసారి గీకవలసి వచ్చింది, ఆకుపచ్చగా మెరుస్తుందని కొన్న హామర్ కోరల్ నానబెట్టిన చింతపండు రంగుకు తిరిగింది. నాచుకు మేత నీటిలోని నైట్రేటు, ఫాస్ఫేటులే కాబట్టి దోషమంతా దీపం మీదకు నెట్టలేను. కానీ ఆ మేత మీద బతికేవాటికి అనువైన కాంతిని నేనే ఉదారంగా సరఫరా చేశానన్నది నిజం.

పగడం జంతువే అయినా, దాని కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురం ఉంటాయి, పగడానికి అవసరమైన శక్తిలో పెద్ద భాగాన్ని అవే తయారుచేసి పెడతాయి. మనం దీపం వేసేది నిజానికి వాటి కోసం. వాటిలో పత్రహరితం ‘ఎ’, పత్రహరితం ‘సీ2’, పెరిడినిన్ అనే వర్ణకాలు ఉంటాయి. పత్రహరితం ‘ఎ’ 430 నానోమీటర్ల పరిసరాల్లో నీలి ఊదా కాంతిని, 665 పరిసరాల్లో ఎరుపు కాంతిని పీల్చుకుంటుంది. ‘సీ2’ ప్రధానంగా 450 దగ్గర పనిచేస్తుంది. పెరిడినిన్ సుమారు 470 నుంచి 550 వరకు ఉన్న నీలి, ఆకుపచ్చ కాంతిని పట్టుకుని ఆ శక్తిని పత్రహరితానికి అందిస్తుంది. నేల మీది మొక్కల్లోగానీ, నా పాత ట్యాంకులోని మొక్కల్లోగానీ పెరిడినిన్ ఉండదు, ‘సీ2’ కూడా ఉండదు. మొక్కల లెక్క పగడాలకు చెల్లకపోవడానికి ఒక కారణం ఇది.

రెండో కారణం సముద్రం. నీరు ఎరుపు కాంతిని త్వరగా మింగేస్తుంది, నీలాన్ని చాలా లోతు వరకు పోనిస్తుంది. 10 మీటర్ల లోతుకు వెళ్లేసరికి ఎరుపులో అత్యధిక భాగం మిగలదు. మన ట్యాంకుల్లో నీటి లోతు అర మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, ఆ కాస్త నీరు చెప్పుకోదగ్గ వడపోత ఏదీ చేయదు. కాబట్టి సముద్రం చేసే వడపోత పనిని ముందే దీపంలోనే చేసి పెట్టుకోవాలి. తీరానికి దగ్గరగా రెండు మూడు మీటర్ల లోతులో బతికే పగడాలకు కొంత ఎరుపు అందుతూనే ఉంటుంది, అందువల్ల ఎరుపును విషంగా చూడనక్కరలేదు, అది మోతాదు మించకూడదు, అంతే.

మోతాదు మించితే ఏమవుతుందో నెదర్లాండ్స్ పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక ప్రయోగంలో స్పష్టంగా కనిపిస్తుంది. స్టైలోఫోరా పిస్టిల్లాటా అనే పగడం ముక్కలను ఆరు వారాలపాటు కొన్నిటిని నీలి కాంతిలో, కొన్నిటిని ఎరుపులో, కొన్నిటిని సగం సగం మిశ్రమంలో, 128, 256 అనే రెండు తీవ్రతల వద్ద (కింద చెప్పబోయే పార్ కొలతలో) పెంచారు. నీలి కాంతిలో ఉన్నవి అన్నిటికన్నా ఎక్కువగా బతికాయి. 256 తీవ్రతతో కేవలం ఎరుపులో ఉన్నవాటిలో బతికినవి తక్కువ, వాటిలో శైవలాల సాంద్రత కూడా నీలి కాంతిలో ఉన్నవాటికన్నా తక్కువగా నమోదైంది. మీ ‘ఎరుపు లేకపోతే నష్టమా’ అన్న ప్రశ్నకు నా దృష్టిలో ఇది చాలినంత జవాబు.

కెల్విన్ అంకె గురించి ఎక్కువ ఆలోచించకండి. ఆ కాంతి మన కంటికి ఎంత పసుపుగా, ఎంత నీలంగా తోస్తుందో చెప్పే కొలత అది, ఏ తరంగదైర్ఘ్యం ఎంత ఉందో అది చెప్పదు. ఒకే అంకె ఉన్న రెండు దీపాల వర్ణపటాలు పూర్తిగా వేరుగా ఉండవచ్చు. పెట్టె మీద వర్ణపటం గ్రాఫు ఉంటే దాన్ని చూడండి: 450 దగ్గర ఒకే ఒక సూది మొన కాకుండా, 405 నుంచి 420 వరకు ఊదా, 450 దగ్గర రాయల్ బ్లూ, 470 దగ్గర నీలం కలిసి వెడల్పాటి దిబ్బలా ఉండాలి. గ్రాఫే ఇవ్వని దీపాన్ని నేనైతే కొనను.

ఇక నా రెండో తప్పు. మొదటి దీపం తీసేసి, మంచి నీలి దీపం కొని, నీటికి 20 సెంటీమీటర్ల ఎత్తున బిగించాను. గదిలో దీపాలార్పి చూస్తే ట్యాంకు మసక చీకటిలో ఉన్నట్టనిపించింది. ఫోనులో వెలుగును కొలిచే లక్స్ యాప్ పెట్టి చూస్తే పాత తెల్ల దీపానికి వచ్చిన అంకెలో మూడో వంతు కూడా రాలేదు. పగడాలు పస్తులుంటాయేమోనని నీలి చానళ్లను 100 శాతానికి పెంచాను. నాలుగో రోజు ఉదయం చూస్తే, పై రాయి మీదున్న మోంటిపోరా అంచు గోరంత వెడల్పున సున్నం కొట్టినట్టు తెల్లబారింది. హామర్ కోరల్ తన చేతులను లోపలికి ముడుచుకుని అస్థిపంజరం అంచులు బయటపెట్టింది. నీటిలో ఏదో తేడా వచ్చిందనుకుని క్షారత, కాల్షియం, లవణీయత అన్నీ పరీక్షించాను, అన్నీ మామూలుగానే ఉన్నాయి. చివరికి పళ్లెంలా పరుచుకుని పెరిగిన మోంటిపోరాను కాస్త పక్కకు వంచి చూసినప్పుడు సంగతి అర్థమైంది: దీపానికి ఎదురుగా ఉన్న పైభాగం తెల్లబడింది, నీడలో ఉన్న అడుగుభాగం మాత్రం రంగు చెడకుండా ఉంది. కాంతి ఎక్కువైతే శైవలాలను పగడం బయటకు నెట్టేస్తుంది, అప్పుడు తెల్లదనం ఇలా వెలుగు పడినంత మేరకే కనబడుతుంది.

తర్వాత మా ప్రాంతపు రీఫ్ క్లబ్బు నుంచి పార్ మీటరు అరువు తెచ్చి కొలిస్తే, ఆ రాయి మీద 480 వచ్చింది. పార్ అంటే 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య ఉన్న ఫోటాన్లు ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్లు పడుతున్నాయో చెప్పే కొలత. లక్స్ ఫోటాన్లను కాక మనిషి కంటి స్పందనను కొలుస్తుంది. 555 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతికి మన కంటి స్పందనను 1 అనుకుంటే, 450 నానోమీటర్ల నీలానికి అది 0.038 మాత్రమే. అంటే శక్తిలో రెండూ సమానమైనా, నీలి కాంతి మనకు పాతిక రెట్లకు పైగా మసకగా కనిపిస్తుంది, శైవలాలకు మాత్రం అది నిండు భోజనం. నేను మసక చీకటి అనుకున్నది వాటికి మిట్ట మధ్యాహ్నం.

అందువల్ల దీపం కంటే ముందు మీటరు సంపాదించండి. కొనడం ఖరీదైన పని, మీ దగ్గరలోని క్లబ్బులోగానీ దుకాణంలోగానీ అద్దెకు దొరుకుతుందేమో అడగండి. పాత రకం సెన్సర్లు నీలి కాంతిని తక్కువగా చూపిస్తాయి కాబట్టి, ఎల్‌ఈడీల కోసం సవరించిన ఫుల్ స్పెక్ట్రమ్ సెన్సరేనా అని కనుక్కోండి. నా అనుభవంలో జోయాంథిడ్లు, మష్రూమ్ పగడాలు 60 నుంచి 100 పార్ మధ్య, హామర్ కోరల్ 80 నుంచి 150 మధ్య హాయిగా ఉన్నాయి. మోంటిపోరా 200 నుంచి 250 వద్ద స్థిరపడింది. ఆక్రోపోరా పగడాలకు ఇంకొంచెం పైన ఇస్తారు, కానీ మూడు నెలల ట్యాంకులో ఆ ఆలోచన పెట్టుకోకండి.

నీలి కాంతితో మరో లాభం రంగులు. పగడాల్లో ఉండే ప్రతిదీప్తి ప్రోటీన్లు నీలాన్ని పీల్చుకుని ఆకుపచ్చగా, నారింజగా తిరిగి వెదజల్లుతాయి. జెల్లీఫిష్ నుంచి ఇలాంటి ప్రోటీన్‌ను 1962లో వేరుచేసిన ఒసాము షిమొమురాకు 2008లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఈ ప్రోటీన్లలో చాలావాటిని పగడం నీలి కాంతి తగిలినప్పుడే ఎక్కువగా తయారుచేస్తుంది, కాబట్టి ఇది కేవలం కంటికి కనిపించే మెరుపు మాత్రమే కాదు. అయితే పూర్తి నీలంలో ఇల్లు భరించడం కష్టం. మా అమ్మ కాకినాడ నుంచి వచ్చినప్పుడు ట్యాంకు చూసి, “ఇదేంట్రా, మిఠాయి కొట్లో ఈగల్ని చంపే దీపంలా ఉంది” అంది. పైగా ప్రతిదీప్తి లేని ఊదా రంగు పగడాలు నీలి వెలుగులో నల్లగా కనిపిస్తాయి. మాకు తెల్ల చానల్ 12 శాతం దగ్గర రాజీ కుదిరింది. ఎరుపు, ఆకుపచ్చ 2 శాతం దాటనివ్వను.

హైదరాబాదు, విశాఖ నుంచి ఇది చదువుతున్నవారికి ఒక మాట: భారతదేశంలో రీఫ్‌లను నిర్మించే రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. దుకాణంలో కనబడుతోంది కదా అని కొనేయకండి.

మీ విషయానికి వస్తే, కొత్త దీపాన్ని నీటికి కనీసం 25 సెంటీమీటర్ల ఎత్తున పెట్టి, మోంటిపోరా దగ్గర పార్ మీటరు 100 చూపించే స్థాయిలో ప్రారంభించి, వారానికి 5 నుంచి 10 శాతం చొప్పున మాత్రమే పెంచండి. ఉదయం, సాయంత్రం నెమ్మదిగా పెరిగి తగ్గే సమయాన్ని కలుపుకుని రోజుకు 10 గంటలు చాలు. వర్ణపటం నిష్పత్తిని ఒకసారి నిర్ణయించాక మూడు నెలలు ముట్టుకోకండి, మార్చేదేదైనా ఉంటే తీవ్రతనే మార్చండి, లేకపోతే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. నా మోంటిపోరాను అడుగున ఇసుక మీదకు దింపాక, ఆ తెల్లటి అంచుకు మళ్లీ రంగు పట్టడానికి పదకొండు వారాలు పట్టింది. రెండు వారాల తర్వాత మీ మోంటిపోరా అంచు ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. ఫోటో తీసే ఆ రెండు నిమిషాలు నీలి చానళ్లను ఆపి తెలుపు మాత్రమే వేయండి, నీలి వెలుగులో తీసిన ఫోటోలో తెల్లబారిన అంచు నాకు కనబడదు.