సొంత పికప్‌కు ఎయిర్ హారన్ బిగించవచ్చా?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు కె.ఆర్. పురంలో ఉంటున్నాం. సొంతానికి వాడుకునే పికప్ ట్రక్కు ఉంది, తెల్ల నంబరు ప్లేటే. హైవేలో లారీలవాళ్లకు మామూలు హారన్ వినబడడం లేదని జె.సి. రోడ్డులో ఎయిర్ హారన్ కొని బిగించాను. దానికి వేరే స్విచ్చు పెట్టించాను, సిటీలో నొక్కను. ఇది నేరమా? ఆర్టీఓ అనుమతి తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: నేరమే. ఈ వారంలోనే విప్పించేయండి.

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 119వ రూలు చూడండి. వరసగా వేర్వేరు స్వరాలు పలికే హారన్ గానీ, మితిమీరి కర్కశంగా, కీచుగా, బెదరగొట్టేలా మోగే పరికరం గానీ ఏ మోటారు వాహనానికీ బిగించకూడదంటుంది. అంబులెన్సు, ఫైరింజను, పోలీసు బండ్లవంటి వాటికే మినహాయింపు. రూలులో ఉన్న మాట ‘బిగించకూడదు’. అంటే నొక్కినా నొక్కకపోయినా తప్పు తప్పే, వేరే స్విచ్చు మిమ్మల్ని కాపాడదు. తెల్ల ప్లేటుకూ పసుపు ప్లేటుకూ ఇందులో తేడా లేదు. షాపులో బహిరంగంగా అమ్ముతున్నారు కదా అన్న వాదన కూడా నిలవదు.

ఇక ఆర్టీఓ అనుమతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద ఆర్‌సీలోని వివరాలు మారే మార్పులకు అనుమతి అడుగుతారు. హారన్ ఆర్‌సీలో ఉండే వివరమే కాదు. పైగా రూలు నిషేధించినదాన్ని ఆర్టీఓ అనుమతించలేడు. కాబట్టి ఆ దారి లేదు.

శిక్ష దగ్గర చాలామంది పొరబడతారు. అనవసరంగా హారన్ కొట్టడం 194ఎఫ్ సెక్షను: మొదటిసారి 1,000 రూపాయలు, మళ్లీ దొరికితే 2,000. మీది అది కాదు. శబ్ద ప్రమాణాలను మీరిన బండిని రోడ్డెక్కించడం 190(2) కిందికి వస్తుంది. మొదటి నేరానికే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. దానికి తోడు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ‘నడిపినా, నడపనిచ్చినా’ అని ఉంది గనుక డ్రైవరు వేరే మనిషైనా యజమానిగా మీరూ బాధ్యులే. 206(4) ప్రకారం పోలీసులు లైసెన్సు స్వాధీనం చేసుకుని లైసెన్సింగ్ అధికారికి పంపవచ్చు. రోజూ బండి మీదే పని చూసుకునేవారికి జరిమానా కన్నా ఇదే పెద్ద దెబ్బ.

టిన్ ఫ్యాక్టరీ జంక్షన్లో మీ బంపరుకు రెండడుగుల ముందు స్కూటీ మీద పిల్లను కూర్చోబెట్టుకున్న తల్లి ఉంటుంది. ఆ మోతకు ఆమె హ్యాండిల్ బెసికితే జరిగేది ఏ జరిమానాతోనూ పూడదు.

వైరింగు సంగతీ చూసుకోవాలి. పికప్‌కు లారీలా బ్రేకు ఎయిర్ ట్యాంకు ఉండదు, అందుకే 12 వోల్టుల కంప్రెసర్ పెడతారు. అది లాగే కరెంటు మామూలు హారన్ కంటే బాగా ఎక్కువ. రిలే (ఎక్కువ కరెంటును విడి వైరు గుండా పంపే స్విచ్చు) లేకుండా పాత హారన్ వైరుకే కలిపేస్తే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు పోతోందని పెద్దది వేస్తే వైరు కాలుతుంది. అప్పుడు బండి తగలబడితే, పాలసీలో చూపని ఫిట్టింగు వల్లేనని బీమా సర్వేయరు రాయవచ్చు.

మీ అసలు ఇబ్బంది హారన్ వినబడకపోవడం. ముందు పాత హారన్ ఎర్త్ బోల్టు తుప్పు గీకించి, బ్యాటరీ వోల్టేజీ చూపించండి. చాలాసార్లు అక్కడే తేలిపోతుంది. అప్పటికీ చాలకపోతే హారన్‌లకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1884కు సరిపోయే 12 వోల్టుల హై, లో డిస్క్ హారన్ జత వేయించండి. రెండూ ఒకేసారి మోగుతాయి, స్వరం మారదు. 30 ఆంపియర్ల రిలే, హారన్ కంపెనీ చెప్పిన ఫ్యూజు, బ్యాటరీ నుంచి విడి వైరు వేయించాలి. బిల్లు మీద మోడల్ నంబరు రాయించి బండిలో ఉంచుకోండి. ఇవి బిగించినా రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో, ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల నిశ్శబ్ద మండలాల్లో హారన్ కొట్టకూడదు.

విప్పేటప్పుడు ఫ్యూజు పీకి ఊరుకోవద్దు. కంప్రెసర్, వాల్వు, గొట్టాలు, స్విచ్చు అన్నీ తీయించి, తేదీ పడేలా ఫొటోలు తీసుకోండి. ఈలోగా చలాను వస్తే డబ్బు కట్టే ముందు అందులో ఏ సెక్షను రాశారో చదవండి. 190(2) అని ఉంటే ఆ ఫొటోలు, మెకానిక్ బిల్లు తీసుకుని న్యాయవాదిని కలిశాకే నేరం ఒప్పుకోవాలా వద్దా అన్నది తేల్చుకోండి.