‘పెన్షన్ వస్తుందిగా’ అన్నారని జీతం తగ్గించుకోకండి

ప్రశ్న: మావారు ఆర్మీలో హవల్దారు, ఈఎంఈలో (ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) వెహికల్ మెకానిక్. వయసు 37, సర్వీసు 17 ఏళ్లు. మార్చిలో పెన్షన్ మీద వచ్చేస్తున్నారు. మేం బెంగళూరు కేఆర్ పురంలో ఉంటున్నాం. ఇక్కడ ఒక సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్లు 12 గంటల డ్యూటీకి 22 వేల సీటీసీ (కంపెనీ మనిషి మీద పెట్టే మొత్తం ఖర్చు) ఇస్తామన్నారు. ఇంకాస్త అడిగితే ‘పెన్షన్ వస్తుందిగా’ అంటున్నారు. చేరమంటారా?

జవాబు: ఈ లెక్కకు వద్దమ్మా. పెన్షన్ ఆయన చేసేసిన పనికి వచ్చేది. దాంతో ఏజెన్సీకి పనేమిటి? కేంద్ర ప్రభుత్వమే హవల్దారు స్థాయిలో 55 ఏళ్లలోపు రిటైరైన వాళ్లను మళ్లీ ఉద్యోగంలోకి తీసుకుంటే, పెన్షన్‌ను పూర్తిగా పక్కనపెట్టి జీతం కడుతుంది.

ముందు ఆ 22 వేలను విప్పి చూడండి. బేసిక్ 15 వేలనుకుంటే కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 720, ఈఎస్ఐ 600 పైచిలుకు అందులోనే కలిపేస్తారు. ఆయన వాటా పీఎఫ్, ఈఎస్ఐ కూడా కోశాక చేతికొచ్చేది 16,900 దాకా. ఇక 12 గంటల సంగతి. వారానికి ఆరు రోజులంటే 72 గంటలు. 48 దాటిన 24 గంటలకు ఓవర్‌టైం రెట్టింపు ఇవ్వాలి, అంటే ఇంకో 48 గంటల కూలి. వారం జీతం రెట్టింపు కావాలన్నమాట. ఓవర్‌టైం రేటు ఆఫర్ లెటర్లో రాసివ్వమనండి. చాలామంది అక్కడే మాట మారుస్తారు.

అసలు మెకానిక్‌ను గేటు దగ్గర నిలబెట్టడమెందుకు? టెక్ పార్కుల్లో డీజీ సెట్లు (డీజిల్ జనరేటర్లు) చూసే ఫెసిలిటీ సంస్థలు, ఉద్యోగుల్ని తిప్పే బస్సులు, క్యాబుల సంస్థల మెయింటెనెన్స్ విభాగాలు ఆయన చోటు. కాకపోతే రెజ్యూమెలో ‘కంపెనీ హవల్దార్ మేజర్’ అని రాస్తే హెచ్ఆర్‌కు అర్థం కాదు. ‘ఇంతమంది మెకానిక్‌లకు పని పంచాను, ఇన్ని బండ్ల సర్వీసు షెడ్యూలు నడిపాను, ఫలానా ఇంజన్లు ఓవర్‌హాల్ చేశాను’ అని నిజం అంకెలతో రాయాలి. యూనిట్ ఉన్న చోటు, ఆపరేషన్ల వివరాలు మాత్రం వద్దు.

ప్రభుత్వ ఉద్యోగాలకు ఇప్పుడే దరఖాస్తు పెట్టించండి. రిటైర్మెంట్‌కు ఏడాది లోపుంటే యూనిట్ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకుని పెట్టొచ్చు. కేంద్రంలో గ్రూప్ సీలో (క్లర్కు, టెక్నీషియన్ స్థాయి పోస్టులు) 10 శాతం, ప్రభుత్వరంగ బ్యాంకుల క్లర్కు పోస్టుల్లో 14.5 శాతం మాజీ సైనికులకే. వయసులోంచి సర్వీసు తీసేస్తారు: 37లో 17 పోతే 20. అది గరిష్ఠ వయసును మూడేళ్లకు మించి దాటకపోతే చాలు. 15 ఏళ్ల సర్వీసు మీద ఆర్మీ ఇచ్చే గ్రాడ్యుయేషన్ సర్టిఫికెట్ గ్రూప్ సీకి పనికొస్తుంది గానీ, ప్రైవేటు వాళ్లు దాన్ని డిగ్రీగా చూస్తారనుకోకండి. డిశ్చార్జ్ బుక్కు చేతికి రాగానే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేయించాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇంకోచోట. కోటాలో ఒక సివిల్ ఉద్యోగంలో చేరితే మాజీ సైనికుడి కోటా అక్కడితో అయిపోతుంది. అయితే 2014 ఆగస్టు 14 నాటి డీఓపీటీ (కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ) ఉత్తర్వు ప్రకారం, చేరేముందు పెట్టిన దరఖాస్తులన్నీ తేదీలతో సహా కొత్త ఆఫీసుకు రాసిస్తే వాటి వరకు హక్కు నిలుస్తుంది. చేరిన రోజే ఆ కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోమనండి.