అంచు ఉండటం వేరు, ఆరంభం కావటం వేరు

భూత, భవిష్యత్తులు కూడా వర్తమానమంత వాస్తవమే అయితే, "విశ్వానికి ఆరంభం ఉంది కాబట్టి దానికి కారణమైన దేవుడున్నాడు" అన్న వాదం నిలుస్తుందా అని అడిగారు. నిలవదు. నేను ఆస్తికుణ్ణే, నా విసుగంతా మన నమ్మకానికి అరువు తెచ్చుకున్న ఈ ఆసరా మీదే.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక సదస్సుకు వెళ్లాను. వక్త బోర్డు మీద మూడు వాక్యాలు రాశారు: ఆరంభమైన ప్రతిదానికీ కారణం ఉంటుంది, విశ్వం ఆరంభమైంది, కనుక విశ్వానికి కారణం ఉంది. 11వ శతాబ్దంలో ఇస్లామిక్ తత్వవేత్త అల్ గజాలీ నడిపిన తర్కమే అది. రెండో వాక్యం పక్కన "1380 కోట్ల సంవత్సరాలు" అని రాసి, సుద్దముక్క విరిగేలా కింద గీత గీశారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, చేతిలోని స్కేలు ఎత్తి చూపి, "సార్, దీనికి సున్నా దగ్గర అంచుంది. అంతమాత్రాన ఇది సున్నా దగ్గర పుట్టి ముప్ఫై దాకా పెరిగిందంటామా?" అని అడిగింది. అది చమత్కారమే గాని తర్కం కాదని కొట్టిపారేసి, ఆయన బోర్డు తుడిచేశారు.

ఆ పూటకు తర్కమంటూ ఏదైనా వినిపించిందంటే అది ఆ ప్రశ్నే. 1908లో బ్రిటిష్ తత్వవేత్త మెక్‌టగార్ట్ కాలానికి రెండు క్రమాలను విడదీసి చూపారు: "గతం, వర్తమానం, భవిష్యత్తు" ఒకటి, "ముందు, తరువాత" మరొకటి. వీటిలో "ముందు, తరువాత" అన్నది మాత్రమే నిజమైతే, విశ్వానికి తొలి క్షణం ఉండవచ్చు గాని, లేనిది ఉనికిలోకి రావటమనే సంఘటన ఉండదు. ఆ వక్త రాసిన ఆరంభ వాదానికి నేటి ప్రధాన ప్రతినిధి, తత్వవేత్త విలియం లేన్ క్రెయిగ్ సైతం, కాలం నిజంగా గడుస్తుందన్న సిద్ధాంతం మీదే తన వాదమంతా ఆధారపడి ఉందని రాశారు. 1905 నాటి ఐన్‌స్టీన్ సాపేక్షత ప్రకారం అందరికీ ఒకటే అయిన "ఇప్పుడు" ఉండదు. అందుకని ఆయన దాన్ని, అలాంటి "ఇప్పుడు" మిగిలేలా, వేరే విధంగా వ్యాఖ్యానించుకున్నారు. ఆయన వాదాన్ని వల్లెవేసేవారు ఈ షరతును మాత్రం నోరెత్తి చెప్పరు. బిగ్‌బ్యాంగ్ అనగానే పని ముగిసిందనుకుంటారు.

మన నైయాయికులకూ, అంటే న్యాయదర్శనానికి చెందిన తార్కికులకూ, ఈ చిక్కు తప్పదు. కుండకు కుమ్మరి ఉన్నట్టు భూమి మొదలైన కార్యాలకు కర్త ఉన్నాడని వారంటారు. కార్యమంటే ప్రాగభావం కలది, అంటే ముందు లేకుండా తరువాత కలిగినది. కాలం నిత్యమని వారు ఒప్పుకున్నారు కాబట్టి అది చెల్లింది గాని, కాలానికే తొలి క్షణం ఉందంటే ఆ ప్రాగభావం ఎప్పుడు ఉన్నట్టు?

విశ్వానికి ఆరంభం ఉందన్నది తర్కంతో నిరూపించలేమని, విశ్వాసంతోనే ఒప్పుకోవాలని 13వ శతాబ్దంలోనే క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ అన్నారు. జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ అయితే, ఏమీ లేకపోవటానికి బదులు ఏదో ఒకటి ఎందుకుందని అడిగారు. కాలం గడిచినా, గడవకపోయినా ఆ ప్రశ్న చెక్కుచెదరదు కాబట్టి, దేవుణ్ణి వాదంతో నిలబెట్టదలచినవారు అక్కడి నుంచి మొదలుపెట్టటం మేలు.