టెక్ సందేహాలు: బేస్ సింథసైజర్‌లో సీక్వెన్సర్ ఎందుకు?

ప్రశ్న: రెండేళ్లుగా ల్యాప్‌టాప్‌లో సాఫ్ట్‌వేర్ సింథసైజర్లతోనే ట్రాకులు చేసుకుంటున్నాను. ప్యాటర్న్ సీక్వెన్సర్‌తో (స్వరాల వరసను గుర్తుంచుకుని మళ్లీ మళ్లీ వాయించే భాగంతో) వచ్చే కొత్త అనలాగ్ (విద్యుత్ సర్క్యూట్లతోనే ధ్వని పుట్టించే) బేస్ సింథసైజర్ ఒకటి కొనాలని ఉంది. నోట్సును మౌస్‌తో వేసుకునే వీలు ఎలాగూ ఉన్నప్పుడు ఆ సీక్వెన్సర్ వల్ల అదనంగా ఒరిగేదేమిటి? అనలాగ్ ధ్వని నిజంగానే వేరుగా ఉంటుందా?

జవాబు: ముందు సీక్వెన్సర్ సంగతి చూద్దాం. ఈ తరహా వాద్యాల అసలు విశేషం అనలాగ్ సర్క్యూట్‌లో కంటే అక్కడే ఎక్కువగా ఉందని నా అభిప్రాయం.

వీటన్నింటికీ మూలం రోలాండ్ సంస్థ 1981 చివర్లో తెచ్చిన టీబీ-303. బేస్ గిటార్ వాయించే తోడు లేనివారికి ఆ లోటు తీర్చాలనే ఉద్దేశంతో టడావో కికుమొటో దీన్ని రూపొందించారు. అయితే దాని ధ్వని బేస్ గిటార్‌ను ఏమాత్రం పోలి ఉండకపోవడం, ప్రోగ్రామింగ్ పద్ధతి తికమకగా ఉండటం వల్ల అమ్మకాలు సాగలేదు. సుమారు 10 వేల యంత్రాలు తయారయ్యాక 1984లో ఉత్పత్తి ఆగిపోయింది. ఆ తర్వాత సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరికిన ఈ పెట్టెలను షికాగో యువ సంగీతకారులు చేతికి తీసుకుని, ప్యాటర్న్ నడుస్తుండగానే ఫిల్టర్ (ధ్వనిలోని పదునును తగ్గించే భాగం) నాబ్‌లను తిప్పుతూ పోవడంతో 1980ల రెండో సగంలో యాసిడ్ హౌస్ అనే సంగీత ధోరణి పుట్టింది.

ఆ యంత్రంలో ఉన్నది ఒకే ఒక్క ఆసిలేటర్ (ధ్వని తరంగాన్ని పుట్టించే భాగం). దాని నుంచి సా-టూత్ తరంగాన్నో స్క్వేర్ తరంగాన్నో ఎంచుకోవాలి. తర్వాత ఒక ఫిల్టర్, ఒక ఎన్వలప్ (స్వరం మోగాక ధ్వని ఎలా మారుతూ తగ్గాలో నిర్ణయించే భాగం), అంతే. ఇంత పొదుపైన సర్క్యూట్‌కు ప్రాణం పోసింది సీక్వెన్సరే. 16 స్టెప్పుల ప్యాటర్న్‌లో ప్రతి స్టెప్పుకూ ఏ స్వరం మోగాలన్న దానితో పాటు యాక్సెంట్, స్లయిడ్ అనే మరో రెండు గుర్తులు పెట్టుకోవచ్చు. యాక్సెంట్ అంటే ఆ స్వరాన్ని గట్టిగా మోగించడం మాత్రమే కాదు. అది ఎన్వలప్ డికేను (తగ్గడానికి పట్టే సమయాన్ని) బాగా కురచ చేసి, ఫిల్టర్‌ను మరింతగా తెరుస్తుంది. వరసగా మూడు నాలుగు స్టెప్పులకు యాక్సెంట్ పెడితే సర్క్యూట్‌లోని కెపాసిటర్ పూర్తిగా ఖాళీ అయ్యేలోపే మళ్లీ నిండుతుంది కనుక, ప్రతి స్వరమూ ముందుదాని కంటే కాస్త ఎక్కువ పదునుతో పైకి లేస్తుంది. మౌస్‌తో వెలాసిటీ (నోటును ఎంత బలంగా మోగించాలో చెప్పే విలువ) గీతలు ఎంత ఓపికగా సవరించినా, ఈ పోగుపడే గుణాన్ని అనుకరించేలా రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్ప ఆ ఫలితం రాదు.

స్లయిడ్ ఇంకా ముఖ్యం. మన సంగీతంలో జారు గమకం తెలిసినవారికి దీని రుచి వెంటనే అందుతుంది: స్వరం తెగకుండానే తర్వాతి స్వరంలోకి జారుతుంది, ఎన్వలప్ మళ్లీ మొదలు కాదు. టీబీ-303లో ఈ జారుడుకు పట్టే సమయం దాదాపు 60 మిల్లీసెకన్లు. స్వరాల మధ్య దూరం ఎంతైనా అది మారదు. నిమిషానికి 120 బీట్ల వేగంలో, బీటులో నాలుగో వంతైన ఒక స్టెప్పు నిడివి 125 మిల్లీసెకన్లు కనుక, స్టెప్పులో సగం జారడానికీ సగం నిలవడానికీ సరిపోతుంది. మొదటి స్టెప్పులో కింది షడ్జమం, రెండో స్టెప్పులో పై షడ్జమం వేసి, ఒకసారి స్లయిడ్‌తోనూ మరోసారి లేకుండానూ వినండి. రెండో రకంలో రెండు విడి దెబ్బలు వినిపిస్తాయి, మొదటి రకంలో ఒకే గొంతు పలికినట్టుంటుంది. స్లయిడ్ గుర్తును బయలుదేరే స్వరానికి పెట్టాలా, చేరే స్వరానికి పెట్టాలా అన్నది యంత్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్‌లో ఆ ఒక్క పేజీని తప్పకుండా చదవండి.

మరొకటి కూడా ప్రయత్నించి చూడండి. డ్రమ్ముల ప్యాటర్న్‌ను 16 స్టెప్పులలోనే ఉంచి, బేస్ ప్యాటర్న్‌ను 15 స్టెప్పులకు కుదించండి. రెండూ మళ్లీ ఒకే చోట కలవడానికి 240 స్టెప్పులు, అంటే 120 బీట్ల వేగంలో సరిగ్గా అర నిమిషం పడుతుంది. ఆ అర నిమిషమూ ఒకే బేస్ లైన్ ప్రతి ఆవృత్తిలో కొత్త చోట పడుతూ ఉంటుంది.

ఇక ధ్వని విషయానికి వస్తే, నేటి మంచి సాఫ్ట్‌వేర్ సింథ్‌లు అనలాగ్‌కు చాలా దగ్గరగా వచ్చాయి. మిగిలిన వాద్యాల మధ్య వినేటప్పుడు తేడా పట్టుకోవడం తేలిక కాదు. తేడా చేతికి తెలుస్తుంది. మామూలు మిడి (సంగీత పరికరాలు ఒకదానికొకటి సూచనలు పంపుకునే పద్ధతి) కంట్రోలర్ నాబ్ 128 మెట్లుగా విలువలను పంపితే, అనలాగ్ ఫిల్టర్ నాబ్ సర్క్యూట్‌లోని వోల్టేజీని నేరుగా మారుస్తుంది కాబట్టి దానికి మెట్లే ఉండవు. అయితే చాలా అనలాగ్ యంత్రాలలో ప్యాటర్న్ సేవ్ అవుతుంది కానీ నాబ్‌ల స్థానాలు సేవ్ కావు. కుదిరిన ధ్వనిని అప్పటికప్పుడే ఆడియోగా రికార్డు చేసుకోవాలి, ప్యానెల్‌ను ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోవాలి. పాత ప్రాజెక్టులను నెలల తర్వాత తెరిచి సవరించే అలవాటు మీకుంటే సాఫ్ట్‌వేర్‌తోనే కొనసాగండి. ఒకే బేస్ లైన్‌తో గంటసేపు గడపడం మీకు ఇష్టమైతే నిస్సంకోచంగా కొనండి.

ప్రశ్న: ఇలాంటి సింథ్ కొత్తగా కొన్నాను. దానిలోని ప్యాటర్న్‌లో స్లయిడ్ చక్కగా వస్తోంది కానీ కంప్యూటర్ నుంచి మిడి ద్వారా నోట్సు పంపితే రావడం లేదు. పైగా డ్రమ్ మెషీన్‌తో సింక్ చేస్తే సగం వేగంతో నడుస్తోంది.

జవాబు: రెండూ సెట్టింగులతో తీరేవే. ఈ తరహా సింథ్‌లలో చాలావరకు, ఒక నోటు ముగియకముందే తర్వాతి నోటు మొదలైతే దానినే స్లయిడ్‌గా అర్థం చేసుకుంటాయి. పియానో రోల్‌లో (నోట్లను గీతలుగా చూపే సాఫ్ట్‌వేర్ తెరలో) స్లయిడ్ కావలసిన నోటు చివరను తర్వాతి నోటు మొదలు దాటేలా కొద్దిగా లాగండి; మిగతా నోట్ల మధ్య మాత్రం సన్నని ఖాళీ ఉంచండి, లేకపోతే అన్నీ జారిపోతాయి. యాక్సెంట్ సాధారణంగా వెలాసిటీ ఒక హద్దు దాటినప్పుడు పడుతుంది.

వేగం సగమైందంటే, మీ సింథ్ ఎదురుచూసే పల్సులలో (వేగాన్ని తెలిపే విద్యుత్ సంకేతాలలో) సగమే అందుతున్నాయని అర్థం. మిడి క్లాక్ బీటుకు 24 పల్సులు, అంటే స్టెప్పుకు 6 పంపుతుంది. పాత రోలాండ్ యంత్రాలను ఒకే వేగంలో నడిపే డిన్ సింక్ పద్ధతి లెక్క కూడా 24 అయితే, పాత కోర్గ్ యంత్రాల లెక్క 48. చిన్న జాక్ ద్వారా సింక్ అయ్యే పరికరాలు కొన్ని బీటుకు 2 పల్సులే పంపుతాయి. సింథ్‌లోని క్లాక్ సెట్టింగును పంపే యంత్రానికి తగ్గట్టు మార్చండి. మిడికీ డిన్ సింక్‌కీ ఒకే రకం 5 పిన్నుల కనెక్టర్ వాడినా లోపలి సిగ్నల్ వేరు కనుక వాటిని ఒకదానికొకటి కలపకూడదు.

ప్రశ్న: నా అనలాగ్ సింథ్ ఆన్ చేసిన కొద్దిసేపటికే శ్రుతి తప్పుతోంది. రిపేరుకు ఇవ్వాలా?

జవాబు: తొందరపడకండి. అనలాగ్ ఆసిలేటర్‌లోని ట్రాన్సిస్టర్లు వేడికి స్పందిస్తాయి. వోల్టుకు ఒక స్థాయి చొప్పున మారే పద్ధతిలో అర్ధస్వరానికి సుమారు 83 మిల్లీవోల్టులే తేడా, కాబట్టి కొద్ది మార్పు కూడా చెవికి తెలిసిపోతుంది. ఆన్ చేసి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు వదిలేశాక, సింథ్ అవుట్‌పుట్‌ను నేరుగా ట్యూనర్‌కు కలిపి 55, 110, 220 హెర్ట్జ్‌ల వద్ద చూడండి. మూడుచోట్లా తేడా ఒకేలా ఉంటే ట్యూనింగ్ నాబ్‌తో సరిచేసుకోవచ్చు. పై స్థాయికి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతూ పోతే లోపలి స్కేల్ ట్రిమ్మర్‌ను (స్థాయిల మధ్య దూరాన్ని సరిచేసే చిన్న సర్దుబాటును) సవరించవలసి ఉంటుంది. వారంటీ ఉన్నంతకాలం ఆ పని సర్వీసు సెంటర్‌కే అప్పగించండి.